మా పెట్టెలో లేని స్వరం

మార్గరెట్ అక్క కోపం గురించి ముందే చెప్పేస్తాను. లేకపోతే ఆమె సంతోషం మీకు సరిగ్గా అర్థం కాదు. యాంగోన్‌లో మా తెలుగు బాప్టిస్టు సంఘంలో ఆమె ఆర్గన్ వాయించడం మొదలుపెట్టి ముప్పై ఏళ్లు దాటింది. పగలంతా చౌక్తడా పేటలో ఒక వకీలు దగ్గర బర్మీస్ టైపు కొడుతుంది. బుధవారం సాయంత్రం బస్సు దిగి నేరుగా చర్చికి వచ్చి, అదే వేగంతో మమ్మల్ని వాయిస్తుంది. చేత్తో కాదు, మాటతో. నా పేరు ఎడ్విన్ రాజు. పాటల బృందంలో బొంగురు గొంతుల వరసలో చివర నిలబడతాను. యాభై దాటినవాణ్ని, ఇద్దరు పిల్లల తండ్రిని, ఆఫీసులో నా మాట వినేవాళ్లు కూడా ఉన్నారు. కానీ ఆమె వాయిస్తూ వాయిస్తూ తల తిప్పి ఒక్క చూపు చూసిందంటే, ఎక్కం అప్పజెప్పలేని బడిపిల్లవాణ్నయిపోతాను.

మా ఆర్గన్ అంటే మీరు పెద్దగా ఊహించుకోవద్దు. కాళ్లతో తొక్కి గాలి నింపితే పాడే పాత చెక్కపెట్టె అది. వానాకాలం వస్తే దానికీ జలుబు చేస్తుంది. దాని మీద మేం ఏటా కోతకాల పండుగకు పాడే పాట ఒకటుంది. దానికి వరస కట్టినవాడు మార్గరెట్ అక్క తండ్రి హెరాల్డ్ గారు. ఆయన సేక్కాన్ రేవులో గుమాస్తాగా పనిచేశాడు. నది మీద ఓడ కదిలేటప్పుడు వేసే కూత విని విని ఆ వరస కట్టాడట. అందుకే పాట చివర స్వరం దిగుతూ దిగుతూ వెళ్లి అట్టడుగున ఆగుతుంది. చిక్కంతా అక్కడే ఉంది. ఎడమవైపు మీటలన్నీ అయిపోయాక ఇంకా ఒక మెట్టు కిందికి దిగాలి, ఆ మెట్టు మా పెట్టెలో లేదు.

హెరాల్డ్ గారు బతికున్నంతకాలం ఆ స్వరం ఆయనే పాడేవాడు. ఆయన పోయాక ఆ బాధ్యత నా మీద పడింది. నేను పాడితే వినేవాళ్లకు నా ఆరోగ్యం మీద దిగులు కలుగుతుందని మార్గరెట్ అక్క అందరి ముందూ అంది. నాకు రోషం వచ్చింది కానీ మాట నిజమే. అప్పటినుంచి పాట చివర ఆమె ఎడమ చిటికెన వేలు ఆఖరి మీట దాటి వెళ్లి ఉత్త చెక్క మీద పడుతుంది. టక్‌మని చప్పుడవుతుంది. కొత్తవాళ్లు పొరపాటనుకుంటారు. పాతవాళ్లం తల వంచుకుంటాం.

తండ్రి కట్టిన పాటను పూర్తిగా, ఆ కింది స్వరంతో సహా, చచ్చేలోగా మళ్లీ ఒక్కసారి వినాలన్నది ఆమె కోరిక. ఇంతకు మించి ఆమె ఎవరినీ ఏదీ అడగగా నేను చూడలేదు.

ఆమె తమ్ముడి కూతురు టీనా. తమ్ముడు మింగళాడోన్ విమానాశ్రయంలో సామాన్ల విభాగంలో పనిచేస్తాడు. ఎందరి పెట్టెలనో విమానాలెక్కించిన మనిషి, కూతురి పెట్టె ఎక్కించేటప్పుడు మాత్రం చేతులాడక పక్కవాడికి అప్పగించాడట. టీనాకు హంగరీలో చదువుకు స్కాలర్‌షిప్ వచ్చింది, నీటి ఇంజనీరింగ్. చిన్నప్పుడు మేనత్త దగ్గర ఆర్గన్ పాఠం అంటే కడుపునొప్పి తెచ్చుకున్న పిల్ల ఇది. అయినా అత్త వదల్లేదు, తాత పాట దాని వేళ్లలోకి ఎక్కించే దాకా పట్టుబట్టింది.

మొదటి ఏడాది చదువు ముగిసి వేసవి సెలవులు వచ్చాయి. వీపు సంచీ తగిలించుకుని నాలుగు దేశాలు తిరిగొస్తానని టీనా ఫోన్ చేసింది. నువ్వు కూడా రా అత్తా అని బతిమాలింది. నేనొస్తే బుధవారం ఎవరు వాయిస్తారని మార్గరెట్ అక్క కొట్టిపారేసింది.  చివరికి కోరిక చెప్పింది. అక్కడి చర్చిలలో మేడంత ఎత్తు గొట్టాల ఆర్గన్లుంటాయి, వాటికి కాళ్లతో నొక్కే మీటలుంటాయి, తాత స్వరం వాటిలో తప్పక ఉంటుంది, ఎక్కడో ఒకచోట పాట వాయించి నాకు ఫోన్లో వినిపించు అని. టీనా ఇదేం పెద్ద పని అనుకుని సరేనంది.

అలా ఆ వేసవిలో మా బృందమంతా యూరప్ తిరిగింది, బుధవారం బుధవారం, చెక్క బెంచీల మీద కూర్చునే. సాధన మొదలయ్యే ముందు టీనా పంపిన ఫోటోలు ఫోన్లో చూపించేది మార్గరెట్ అక్క. రాజభవనాలొస్తే వేలితో జరిపేసేది. ఆ పిల్ల నిద్రపోయిన రైలుబండి, ఈదిన సరస్సు, చెట్టు నుంచి కోసుకుతిన్న ఎర్రటి చెర్రీ పళ్లు, ఇవి మేం అడిగితే చూపించేది. డాన్యూబ్ నది చూసి టీనాకు నచ్చలేదట. మట్టి లేదు, వాసన లేదు, అసలు నదిలాగే లేదని రాసింది. సేక్కాన్ ఒడ్డున పెరిగిన పిల్ల మరి.

వియన్నాలో ఒక కాఫీ హోటల్లో పెద్ద గొడవే అయింది. మన టీ దుకాణాల్లో కుర్రాణ్ని పిలవాలంటే పెదవులు ముడిచి ముద్దు పెట్టినట్టు చప్పుడు చేస్తాం కదా, ఆకలి మీదుండి టీనా అదే చేసింది. నల్ల కోటు తొడుక్కున్న ఆ నడివయసు వెయిటరు జేవురించిన ముఖంతో వచ్చి నిలబడ్డాడు. సంగతి వివరించే సరికి ఆ పిల్ల తల ప్రాణం తోకకొచ్చింది. అర్థమయ్యాక ఆయన లోపలికి వెళ్లి తోటివాళ్లకు చెప్పాడు కాబోలు, వంటగదిలోంచి రకరకాల ముద్దుల చప్పుళ్లు వినిపించాయట. మేం పొట్టలు పట్టుకుని నవ్వాం. మార్గరెట్ అక్క మాత్రం ఆర్గన్ సంగతేమైందని అడిగింది.

ఆర్గన్ సంగతే కుదరడం లేదు. వియన్నాలో కచేరీ పెట్టిన చోట ఫోన్లు ఆపేయమన్నారు. ప్రాగ్‌లో పైకి వెళ్లే మెట్ల గదికి తాళం, తాళం మనిషికి మధ్యాహ్నం నిద్ర. ఇంకొకచోట గొట్టాలన్నీ విప్పి మరమ్మతుకని నేల మీద పరిచారు. టీనా వాటి పక్కన ముఖం వేలాడేసుకుని ఫోటో దిగింది. ప్రతిసారీ మార్గరెట్ అక్క ‘యాబాదే’ అనేది. ఫర్వాలేదులే అని బర్మీస్‌లో అర్థం. మొదట్లో ఆ మాట బాగానే పలికేది. పోను పోను అందులో పస తగ్గింది. సెలవులు అయిపోవస్తున్నాయని ఆమెకూ తెలుసు, మాకూ తెలుసు. నేను నా మూల నుంచి చూస్తూ బాధపడ్డాను. ఆమె తిట్లు తగ్గిపోవడం ఏమంత శుభంగా అనిపించలేదు.

ఆఖరి మజిలీ జర్మనీలో ఒక చిన్న ఊరు. పేరు నాకు నోరు తిరగదు. అక్కడి చర్చి తలుపు తీసే ఉంది, లోపల మనిషి జాడ లేదు. ఇన్నాళ్లూ టీనా చుట్టుపక్కల యాత్రికులను చూసి చెప్పులతోనే చర్చిలలోకి వెళ్లింది, లోపల్లోపల అదోలా ఉన్నా సరే. ఇక్కడ చూసేవాళ్లెవరూ లేరు. మనకేమో పగోడా అయినా, కోవెలైనా, చర్చి అయినా గుమ్మం బయటే చెప్పులు. ఆ పిల్ల హాయిగా చెప్పులు విప్పి, మన అలవాటు ప్రకారం జత కలిపి ఒక పక్కన పెట్టి, వట్టి కాళ్లతో లోపలికి వెళ్లింది. చల్లటి రాతి నేల. తల పైకెత్తితే వెనకవైపు మేడ మీద గోడంతా గొట్టాలే.

ఇంతలో పక్క మెట్ల మీదినుంచి నెరిసిన జుట్టున్న ఒకామె దిగింది. ఆమె కాళ్లకూ చెప్పుల్లేవు, ఉన్ని మేజోళ్లు మాత్రమే. గుమ్మం బయటి చెప్పుల జత చూసింది, టీనా పాదాలు చూసింది, ముఖమంతా వికసించింది. ఏ పాట సిద్ధం చేసుకొచ్చావని ఇంగ్లీషులో అడిగింది. టీనాకు ఏమీ అర్థం కాలేదు. సంగతేమిటంటే, ఆ ఆర్గన్‌కు కింద బల్లల్లాంటి మీటలుంటాయి, వాటిని కాళ్లతో వాయిస్తారు. వీధిలో తిరిగిన జోళ్లతో వాటిని తొక్కనివ్వరు. కొందరు ప్రత్యేకం పలుచటి బూట్లు వేసుకుంటారు, కొందరు ఈవిడలాగా మేజోళ్లతోనే కూర్చుంటారు. గుమ్మంలోనే చెప్పులు విడిచి వచ్చిన పిల్ల ఆర్గన్ వాయించడానికి తయారై వచ్చిందని ఆమె అనుకుంది. టీనా ఆమె పొరపాటును సరిదిద్దలేదు. మా తాత పాట ఒకటుందని మాత్రం చెప్పింది.

ఆరోజు బుధవారం కావడం మా అదృష్టం. అక్కడ మధ్యాహ్నం, మాకు సాయంత్రం. కరెంటు ఆ పూట మా వీధి వంతు కాదు, ఫ్యాన్లు ఆగిపోయి చర్చి నిశ్శబ్దంగా ఉంది. ఫోన్ మోగింది. మార్గరెట్ అక్క దాన్ని ఆర్గన్ మూత మీద పెట్టి స్పీకరు నొక్కింది.

“అత్తా, పైన కూకున్నాను. ఆర్గన్ ముందల. వాయించనా?”

మార్గరెట్ అక్క తలూపింది, ఫోన్లో తల కనిపించదని కూడా మరిచిపోయి. నేనే వాయించమ్మా అని అరిచాను.

పాట మొదలైంది. ఆ చిన్న ఫోన్లోంచి వచ్చినా అది మా జలుబు పెట్టె గొంతు కాదు. ఎండలో ఆరేసిన తెల్లటి బట్టలా విశాలంగా ఉంది. మాకు ఆగబుద్ధి కాలేదు, అందరం గొంతు కలిపేశాం. మా పాట అక్కడికి చేరడానికి కాస్త ఆలస్యం, టీనా వాయింపు ఇక్కడికి రావడానికి కాస్త ఆలస్యం. మాకోసం అది నెమ్మదించింది, దానికోసం మేం నెమ్మదించాం. చివరికి పాట ఎడ్లబండి కంటే అన్యాయంగా తయారైంది. మార్గరెట్ అక్క అరచేత్తో మూత మీద ఒక్క చరుపు చరిచింది.

“అందరూ నోళ్లు ముయ్యండి. టీనా, నువ్వు మళ్లీ మొదల్నించి వాయించు. మా గొడవ నీకొద్దు.”

నోళ్లు మూశాం. టీనా మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి తడబాటు లేదు. కడుపునొప్పి నాటకాలాడిన పిల్ల ఎంత చక్కగా వాయించిందో చెబితే మీరు నమ్మరు. ఆఖరి చరణం వచ్చింది. స్వరం మెట్టు మెట్టు దిగుతోంది. మా పెట్టె ఆగిపోయే చోటికి వచ్చింది. మార్గరెట్ అక్క చెవి ఫోన్ మీదికి వంగింది. 

ఏమీ వినబడలేదు. ఫోన్ మాత్రం మూత మీద సన్నగా బుర్రుమంది.

“ఇన్నావా అత్తా? వచ్చింది కదా?” టీనా గొంతు సంతోషంతో వణుకుతోంది.

అంత లోతు స్వరం ఈ అరచేతి ఫోన్లో పట్టదని నాకు అప్పుడు వెలిగింది. విన్నాం, బ్రహ్మాండం అని అబద్ధం చెప్పేయమని నేను మార్గరెట్ అక్కకు సైగ చేశాను. ఆమె నావైపు చూసిన చూపుకు చెయ్యి దానంతటదే దిగిపోయింది.

“లేదే. ఇక్కడికి రానేదు. మళ్లీ నొక్కు.”

మళ్లీ నొక్కింది. మళ్లీ బుర్రుమనడమే. వేసవి అంతా తిరిగి తిరిగి, ఆఖరికి చేతికందింది ఇంత దూరం దాటలేకపోయింది. బృందంలో ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

మార్గరెట్ అక్క మాత్రం ఫోన్ చేతిలోకి తీసుకుంది. గొంతు తగ్గించి, ఎన్నడూ మాతో మాట్లాడనంత మెల్లగా అడిగింది.

“అది ఎలగుంటాదో సెప్పు. నువ్వు ఇన్నావు కదా. నాకు సెప్పు.”

టీనా కాలు మళ్లీ ఆ మీట మీద పెట్టినట్టుంది, ఫోన్ మరోసారి వణికింది.

“సెవికి కాదత్తా. ముందు అరికాలికి తగులుతంది. తరవాత బెంచీ. తరవాత ఈపుకి. చిన్నప్పుడు తాత నన్ను ఒళ్లో ఎట్టుకుని పాడితే నా ఈపుకి తగిలీది కదా, ఆయన గుండె కాడ్నించి. అదే అత్తా. అచ్చం అదే.”

మార్గరెట్ అక్క కళ్ల నుంచి నీళ్లు జారాయి. తుడుచుకోలేదు. ఆ తర్వాత నవ్వింది. ముప్పై ఏళ్లలో ఆమె నవ్వు అంత పెద్దదని నాకు తెలియదు, చర్చి పైకప్పు దాకా పోయింది.

“అయితే అది ఫోన్లో వచ్చీది కాదే పిచ్చిదానా. దాని కాడికే పోవాల. నానొత్తాను.”

అవతల టీనా కేక పెట్టింది. ఆ కేక మాత్రం ఫోన్లో బ్రహ్మాండంగా పట్టింది. వీసా దొరకడం ఎంత కష్టమో, ఎన్ని నెలలు పడుతుందో నేను గొణగబోయాను. మరి ఇక్కడ బుధవారాలు ఎవరు వాయిస్తారక్కా అని కూడా అడిగాను. నెల రోజులు వట్టి నోళ్లతో పాడితే మీ గొంతులకు బుద్ధొస్తుందని చెప్పి, అక్కడికక్కడే మమ్మల్ని నిలబెట్టి సాధన చేయించింది. ఆరోజు ఎన్ని తప్పులు పాడినా ఒక్క తిట్టు పడలేదు.

మర్నాడు ఆఫీసుకు సెలవు పెట్టించి నన్ను వెంటబెట్టుకుని పాస్‌పోర్టు ఫోటోకు వెళ్లింది. నోరు మూసుకుని, తిన్నగా చూడాలని, నవ్వకూడదని ఫోటో అతను బర్మీస్‌లో మర్యాదగా చెప్పాడు. మార్గరెట్ అక్క అలాగేనని కూర్చుంది. అతను తీశాడు, చూశాడు, పనికిరాదన్నాడు. మళ్లీ తీశాడు, మళ్లీ పనికిరాదన్నాడు. అలా ఎన్నిసార్లు తీయాల్సి వచ్చిందో నేను లెక్కపెట్టలేదు. నవ్వు ఆపుకోవడం ఆమె వల్ల కాలేదు.