అత్తయ్య దంచిన ఎండ్రకాయల రసం

పోయినేడు తెనాలి నుంచి రేపల్లె దగ్గర పల్లెకి కొత్తకోడలిగా వెళ్లానండి. నాట్ల వానల్లో తడిసి దగ్గు పట్టుకుంది. మా అత్తయ్య పొలంగట్ల మీది ఎండ్రకాయలు, అదే పీతలు, పట్టించి, రోట్లో దంచి, గుడ్డలో వడకట్టి, ఆ పచ్చిరసం గ్లాసులో తెచ్చేది. "ముక్కు మూసుకుని తాగెయ్యమ్మా, దెబ్బకి పోద్ది" అనేది. వాంతి వచ్చినంత పనయ్యేది. అయినా కాదంటే ఏమనుకుంటుందోనని తాగేసేదాన్ని.

దగ్గు తగ్గలేదు సరికదా, ఓ పొద్దున కళ్లెలో ఎర్రగా కనపడింది. క్షయేమోనని హడలిపోయాను. అత్తయ్య నన్ను తెనాలి డాక్టరు గారి దగ్గరికి తీసుకెళ్లింది. ఏం మందు వాడారని ఆయన అడిగితే గొప్పగా రసం సంగతి చెప్పింది.

"పచ్చిదే పట్టారా? వాటిలో కంటికి కనపడని పురుగులుంటాయమ్మా. బాగా ఉడికిస్తే చస్తాయి. లేకపోతే ఊపిరితిత్తుల్లో కాపురం పెడతాయి. రక్తం అందుక్కూడా పడొచ్చు. కళ్లె పరీక్ష చేయిద్దాం" అన్నారాయన.

అత్తయ్య మొహం పాలిపోయింది. "అయితే నాక్కూడా చెయ్యండి బాబూ" అంది.

"మీకెందుకండి?"

"పిల్ల ఎట్టా తాగుద్దో ఏమోనని రోజూ ముందు నేనో గుక్క తాగి చూసేదాన్ని. మరీ నీచు వాసనొస్తే బెల్లం కలిపేదాన్ని."

దేవుడి దయవల్ల ఇద్దరికీ ఏమీ లేదని తేలింది. నాకు దగ్గీ దగ్గీ గొంతు ఒరుసుకుపోయిందట. ఇప్పుడు మా ఇంట్లో ఎండ్రకాయలు కుతకుతా ఉడికితేగానీ పొయ్యి దిగవు. పరీక్షలయ్యాక తిరిగొచ్చే రైల్లో మాత్రం "నా చేత్తో పోశానే తల్లీ" అని అత్తయ్య ఒకటే ఏడుపు. పెళ్లైనప్పట్నుంచీ అమ్మ కోసం ఏడ్చే నేను, ఆ రోజు రేపల్లె దాకా ఆవిడ్ని ఓదార్చాను.