సంగటికి ఇద్దరు కావాలి

కువైట్‌లోని మంగఫ్‌లో నేనిప్పుడు ఉంటున్న గది ఒక పాత ఐదంతస్తుల భవనం మేడ మీద ఉంది. ఒకప్పుడు మోటారు సామాన్లు దాచుకోవడానికి కట్టిన గది అది. ఒక మంచం, ఒక గ్యాస్ పొయ్యి, పుస్తకాలకొక అట్టపెట్టె పెట్టిన తరువాత మిగిలిన చోటులో ఒక మనిషి నిలబడి చొక్కా తొడుక్కోవచ్చు. వేసవిలో ట్యాంకు నుంచి కుళాయిలోకి వచ్చే నీళ్ళు చేయి పెట్టలేనంత వేడిగా ఉంటాయి. అందుకని ఇక్కడ అందరిలాగే నేనూ గీజరు స్విచ్చి ఆపివేసి, అందులో నిలవ ఉండి చల్లారిన నీళ్ళతో స్నానం చేస్తాను. ఈ గదంటే నాకు ఇష్టం. దీనికొక తలుపుంది, తలుపుకు లోపలి గడియ ఉంది, ఆ గడియ వేసేది నేనొక్కడినే.

మా ఇంట్లో డిగ్రీ పట్టా అందుకున్న మొదటివాణ్ణి నేను. తలుపు మూసుకుని ఒంటరిగా నిద్రపోయిన మొదటివాణ్ణి కూడా నేనే. ఊళ్ళో ఐదుగురం ఒకే గదిలో పెరిగాము. తరువాత హాస్టలు హాలు, ఆ తరువాత కువైట్‌లో ఆరుగురి గది. ఇరవై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా పక్కన మరొకరి ఊపిరి వినపడకుండా నేను నిద్రపోయి ఎరుగను. ఒక గోదాములో సరుకుల జాబితాలు రాయడం నా ఉద్యోగం. జీతం చిన్నది. ఈ గది కోసం సాయంత్రం హోటలు టీ మానుకున్నాను, గోదాముకు నడిచి వెళుతున్నాను. ఆ రెండూ నాకు పెద్ద లోటుగా తోచలేదు. లోటు మరొకచోట వచ్చింది.

పాత గదిలో ఆరుగురిలో నలుగురు గోదావరి జిల్లాలవారు. కడప వైపువాళ్ళం ఇద్దరమే: నేను, చిన్నాయన. ఆయనతో నాకు రక్తసంబంధం లేదు. మా పక్క ఊరివాడు కనుక వచ్చిన మొదటిరోజే వరస కలిపాడు. గోడలకు సిమెంటు పూత వేసే మేస్త్రీ. శుక్రవారం సెలవునాడు మేమిద్దరం రాగిసంగటి చేసుకునేవాళ్ళం. నూకలు మెత్తగా ఉడికాక పిండి పోసి, గిన్నె నేల మీదికి దించి, ఆయన రెండు చేతులా కట్టెతో గెలికేవాడు. గిన్నె తిరిగిపోకుండా నేను పాతగుడ్డలతో అదిమి పట్టుకునేవాణ్ణి. ఊరుబిండి పచ్చడితో తినేవాళ్ళం. గోదావరివారు దూరంగా కూర్చుని అన్నం కలుపుకుంటూ, మేస్త్రీ గారు మిగిలింది సైటుకు పట్టుకెళ్ళి గోడకు పూస్తారేమోనని నవ్వుకునేవారు. చిన్నాయన తొణికేవాడు కాదు. పూస్తే మీ గోదారి గట్టు కూడా తెగదని బదులు చెప్పేవాడు.

గది మారాలని నిశ్చయించుకున్నప్పుడు నేనొక ఉత్తరం రాశాను. ‘గౌరవనీయులైన గది సభ్యులకు’ అని మొదలుపెట్టి, చదువుకునే సౌకర్యం దృష్ట్యా నెలాఖరున ఖాళీ చేయదలచినట్టు తెలిపి, ఇన్నాళ్ళ సహకారానికి కృతజ్ఞతలు చెప్పి, సంతకం కింద బి.కాం. అని కూడా వేశాను. వంట వంతుల కాగితం కింద, ఫ్రిజ్ తలుపుకు దానిని అంటించాను. ఉపకారవేతనమైనా, హాస్టలులో చోటైనా నాకు అర్జీ రాస్తేనే దొరికింది. ముఖ్యమైన మాటను కాగితం మీద పెట్టడమే మర్యాద అని నేను నేర్చుకున్నాను.

చిన్నాయనకు చదువు రాదు. ఆ సంగతి నాకు తెలియనిది కాదు. ఊరి నుంచి ఆయనకు వచ్చే సందేశాలు చదివి పెట్టేది నేనే.

గది ఖాళీ చేసిన రోజున నా పెట్టె మెట్ల మీదుగా దించడానికి గోదావరివారిలో ఒకాయన సాయం వచ్చాడు. రెండో అంతస్తు దగ్గర ఆగి, "ఆ పేపరు నేనే చదివి చెప్పానండి మేస్త్రీ గారికి. మీరు ముందే చెప్పేసుంటారనుకున్నాను. అప్పటిదాకా వంతులేవో మారాయేమో అనుకుంటున్నారండి ఆయన, పాపం," అన్నాడు. అప్పటికి వారం రోజులుగా చిన్నాయన నాతో మాట్లాడటం లేదు. నేను వెళ్ళిపోతున్నందుకే అనుకున్నాను. ఆయనను పిలిచి చెప్పుకుందామని పైకి వెళితే, గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నేను మెట్లు దిగిపోయాను.

కొత్త గదిలో మొదటి రెండు శుక్రవారాలు హాయిగా చదువుకున్నాను. మూడో శుక్రవారం సంగటికి పూనుకున్నాను. చెక్క గరిటె పెట్టి గెలికితే, గరిటెతో పాటు గిన్నె కూడా తిరిగింది. పాదాలతో అదిమి చూశాను, కాలింది. చివరికి తయారైన ముద్దలో పచ్చిపిండి ఉండలు కట్టి ఉంది. పారవేయడానికి మనసు రాక అదే తిన్నాను. తింటున్నంతసేపూ, ఈ ఒక్క గిన్నె పట్టుకునే పనికి నేనెన్ని శుక్రవారాలు ఆయన ఎదురుగా కూర్చున్నానో గుర్తుకు వచ్చింది. ఈ మనిషి మళ్ళీ నాతో మాట్లాడకపోతే, ఈ గది నాకు అచ్చిరాదని అనిపించింది.

సాయంత్రం పాత గదికి నడిచి వెళ్ళాను. చెప్పవలసిన మాటలు దారిలో వరుసగా కూర్చుకున్నాను. తీరా లోపలికి వెళితే, మంచం మీద కూర్చుని గోళ్ళలోని సిమెంటు తీసుకుంటున్న ఆయనను చూడగానే ఆ వరుస చెదిరిపోయింది.

"సంగటి చేసినా చిన్నాయనా. కుదరలేదు," అన్నాను.

ఆయన తల ఎత్తలేదు. "గిన్నె ఎవురు పట్టుకున్న్యారు?"

"ఎవరూ లేరు."

"పట్టుకోండి సామీ అని అర్జీ రాసి గోడకు అంటించకపోయినావా?"

గోదావరివారు నవ్వారు. ఆయన నవ్వలేదు. తగ్గిన గొంతుతో, "దినామూ నా పక్కన కూచ్చోని తింటివి గదా అబ్బీ. నోటితో చెప్తే నేను వద్దంటానా? నేనేమన్నా నీకు వీసా ఇచ్చిన కఫీలా, నాకు కాగితం పెట్టేదానికి?" అన్నాడు.

అప్పుడు నేను ఉత్తరంలో రాయని మాట చెప్పాను. "నోటితో చెప్తే ఉండిపొమ్మంటావని భయమేసింది చిన్నాయనా. నువ్వట్లా అంటే నేను ఉండిపోయేవాణ్ణి."

ఆయన గోళ్ళు తీసుకోవడం ఆపి నన్ను చూశాడు. తరువాత, పొద్దుపోతోంది పొమ్మన్నాడు.

మరుసటి శుక్రవారం పదకొండు గంటల వేళ తలుపు చప్పుడైంది. ఒక చేతిలో రాగిపిండి సంచి, మరో చేతిలో పాత పేపరులో చుట్టిన సంగటి కట్టె. లిఫ్టు లేని ఐదంతస్తులు ఎక్కి వచ్చిన చిన్నాయన గుమ్మంలో నిలబడి ఆయాసపడుతున్నాడు. గది మొత్తం చూడటానికి ఆయనకు ఒక్క చూపు చాలింది.

"దీనికేనా అబ్బీ అంత ఉత్తరం రాసింది?"

లోపలికి వచ్చి వేలి కణుపుతో గోడను రెండుచోట్ల తట్టి చూశాడు. పూత గుల్లగా పలికింది. దీన్ని పూసినోడెవుడో సగం సిమెంటు తిన్నోడని తీర్మానించి, నేల మీద కూర్చున్నాడు. మంచం కింద కాళ్ళు చాపితే తప్ప ఇద్దరం ఎదురెదురుగా పట్టలేదు. ఆయన గెలికాడు, నేను గిన్నె పట్టుకున్నాను. సంగటి నున్నగా, ఉండలు లేకుండా వచ్చింది.

తిన్న తరువాత ఆయన నన్ను అడగకుండానే నా మంచం మీద వాలి నిద్రపోయాడు. ఆ గురక నాకు కొత్త కాదు. నేను పుస్తకం తీసుకుని బయటికి వచ్చి, ట్యాంకు నీడలో తలుపుకు ఆనుకుని కూర్చున్నాను. చలికాలపు ఎండ కనుక బాగానే ఉంది. ఒకే పుటను చాలాసేపు చూస్తూ ఉండిపోయాను.

మధ్యాహ్నం నమాజు పిలుపు తరువాత ఎప్పటికో ఆయన లేచి, ముఖం కడుక్కుని బయలుదేరాడు. కట్టె కడిగి, తుడిచి చేతికి ఇవ్వబోయాను.

"ఈడనే ఉండనీ," అన్నాడు చెప్పులు తొడుక్కుంటూ. "వచ్చే వారం మళ్ళా మోసుకొని ఎక్కల్లనా?"

మెట్ల మీద ఆయన అడుగుల చప్పుడు వినపడనంత దూరం వెళ్ళేదాకా నిలబడి, కట్టెను తలుపు వెనక మేకుకు తగిలించాను. గడియ వేసుకుని, ఆ పుటను మొదటి నుంచి చదివాను.