ప్రైస్ గారి మొదటి భాష

2022లో నేను దుబాయ్‌లో ఒక ఆసుపత్రి స్ట్రోక్ వార్డులో నర్సును. కొడుకును చూడటానికి లండన్ నుంచి వచ్చిన ప్రైస్ గారు పక్షవాతంతో మా దగ్గర చేరారు. వయసు ఎనభై. కుడి చెయ్యి పడిపోయింది. మాట ఉంది గానీ ఎవరికీ అర్థమయ్యేది కాదు. చార్టులో ‘కన్‌ఫ్యూజ్డ్’ అని రాశారు, అంటే మతి నిలకడగా లేదని. చెప్పింది గ్రహించలేని రోగిని రీహాబ్‌లోకి, అంటే నడకా మాటా తిరిగి నేర్పే విభాగంలోకి, తీసుకోరు. ఇక మంచానికే పరిమితం.

వార్డు తుడిచే గంగన్నది జగిత్యాల దగ్గర పల్లె. ఓ ఉదయం నన్ను పక్కకు పిలిచాడు.

“సిస్టరమ్మా, ఆ పెద్దమనిషి ఉత్తగ ఒర్రుతలేడు. నీళ్లు కనవడ్డప్పుడల్లా ‘డూర్’ అంటుండు. నేను కొత్తగ వచ్చినప్పుడు నా మాట గూడ ఎవలకు సమజ్ గాలే.”

వెళ్లి గ్లాసు చూపించాను. “డూర్,” అన్నారు ప్రైస్ గారు స్పష్టంగా.

నాన్నకు ఇంగ్లీషు తప్ప ఏ భాషా రాదన్నాడు కొడుకు డేవిడ్. పుట్టిందెక్కడని అడిగాను. వేల్స్‌లో ఓ పల్లె, పదేళ్లప్పుడు ఇంగ్లండ్ వచ్చేశారట. ఫోన్‌లో వెతికాను. అక్కడి వెల్ష్ భాషలో డూర్ అంటే నీళ్లే. పక్షవాతం ఇంగ్లీషును దూరం చేసి, చిన్ననాటి భాషను మిగిల్చినట్టుంది.

ఆ రోజు టీ విరామాలన్నిట్లో ఫోన్‌లో వింటూ ఒకే ఒక్క వెల్ష్ వాక్యం వల్లె వేశాను. మర్నాడు రౌండ్స్‌లో డాక్టర్ గారిని రెండు నిమిషాలు ఆగమని, ప్రైస్ గారి ముందు నిలబడి అన్నాను: “కొదుఖ్ ఐఖ్ హ్లౌ.” చెయ్యి ఎత్తండి.

ఎడమ చెయ్యి నిటారుగా లేచింది. ఆయన కళ్లు నీళ్లతో నిండాయి. డాక్టర్ గారు నాచేత మళ్లీ అనిపించారు. మళ్లీ లేచింది. ఆ వారమే రీహాబ్‌లో చేర్చుకున్నారు.

నెల తిరిగేసరికి కర్ర పట్టుకుని నడిచారు, ఇంగ్లీషూ తిరిగొచ్చింది. కొత్త బడిలో పిల్లలు తన మాట విని నవ్వారనీ, అప్పటినుంచి ఆ భాషను నోటికి రానివ్వలేదనీ చెప్పారు. ఆయన తాతల కాలంలో వేల్స్ బడుల్లో వెల్ష్ మాట్లాడిన పిల్లల మెడలో శిక్షగా చెక్కముక్క వేలాడదీసేవారట. డేవిడ్ అదంతా మొదటిసారి విన్నాడు. తనకూ నేర్పమని తండ్రిని అడిగాడు.

వాళ్లిద్దరూ ఇంటికి వెళ్తుంటే గంగన్న తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ప్రైస్ గారు ఆగి అతని చెయ్యి పట్టుకుని తన భాషలోనే కృతజ్ఞతలు చెప్పారు.

ఇప్పుడు ఏ చార్టులోనైనా ‘కన్‌ఫ్యూజ్డ్’ అని రాసేముందు రోగి ఇంటివాళ్లను ఒక ప్రశ్న అడుగుతాను: చిన్నప్పుడు అమ్మతో ఏ భాషలో మాట్లాడేవారు?