మా ఇంటి తటస్థ విధానం

తాండూరులో మా ఇంటికి రెండువైపులా ఇద్దరు అన్నదమ్ములు ఉంటారు, ఎడమవైపు అన్న, కుడివైపు తమ్ముడు. నేను ఒకరిని పెద్దనాన్న అనీ, ఇంకొకరిని చిన్నాయన అనీ పిలుస్తాను. పొలం గట్టు దగ్గర గొడవపడి ఇద్దరూ మాటలు మానేశారు. పంచాయితీలో తన తరఫున మాట్లాడమని ఎవరికి వారు మా నాన్నను అడిగారు.

"నేను ఎవ్వల దిక్కు గాదు," అన్నాడు నాన్న.

అప్పట్లో నేను వికారాబాద్‌లో డిగ్రీ చదువుతున్నాను. సాయంత్రం రైలు దిగి ఇంటికొస్తే ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చునేదాన్ని. చదువూ, డైరీ రాసుకోవడమూ అక్కడే. ఆ ఇంట్లో నాకంటూ ఉన్న చోటు అదొక్కటే.

తటస్థ దేశాల రక్షణ ఖర్చు గురించి మాకొక పాఠం ఉండేది. ఏ కూటమిలోనూ చేరని దేశానికి ఆపదలో ఎవరూ తోడు రారు కాబట్టి, సొంత సైన్యాన్ని అదే పోషించుకోవాలట. ఇంట్లో నోరు విప్పడమే తక్కువైన నేను, ఓ రాత్రి అన్నం తింటూ ఈ సంగతి నాన్నకు చెప్పాను.

మర్నాడే నాన్న ఎడమవైపు గోడలా వరసగా నాపరాతి బండలు పాతించాడు. మా ఊళ్లో రాయికి కరువు లేదు.

"మమ్ముల దొంగలనుకుంటున్నవా తమ్మీ?" అన్నాడు పెద్దనాన్న.

అనుకోవడం లేదని చూపించడానికి నాన్న కుడివైపు కూడా పాతించాడు.

"మా దిక్కు జానెడు ఎక్కువ లేపినవ్. మా మీద గంత అనుమానమా అన్నా?" అన్నాడు చిన్నాయన.

నాన్న ఎడమవైపు బండల ఎత్తు కూడా అంతకు పెంచాడు. నా కిటికీ మూసుకుపోయింది. పట్టపగలు లైటు వేసుకుని చదవాల్సి వచ్చింది.

"గా పాఠం నువ్వే జెప్తివి," అంది అమ్మ. "గీన్ని ఆపే పాఠం గూడ ఏమన్న ఉన్నదేమో సూడు."

చూశాను. లేదు.

ఇక నాన్నతో చెప్పక తప్పదని, ఆదివారం పొద్దున ధైర్యం తెచ్చుకుని వాకిట్లోకి వచ్చాను. అప్పుడే అన్నదమ్ములిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా మా గేటు తీశారు.

"మాకు గాలి బంద్ జేసినవ్," అన్నాడు పెద్దనాన్న.

"మాకు గూడ," అన్నాడు చిన్నాయన. గట్టు గొడవ మొదలయ్యాక వాళ్లిద్దరూ ఒప్పుకున్న మొదటి మాట అదే.

నాన్న పరేషాన్ అయి నావైపు తిరిగాడు. "నువ్వు జెప్పు బిడ్డా. నువ్వెవ్వల దిక్కు?"

"నా కిటికీ నాకు గావాలె నాన్నా," అన్నాను.

సాయంత్రానికి నాన్న కిటికీ ముందరి బండ తీయించేశాడు. పెద్దమ్మ కిటికీలోంచి గిన్నెడు ఉడకబెట్టిన కందికాయలు అందించింది.

మర్నాడు చిన్నాయన వచ్చాడు.

"వాళ్ల దిక్కు కిటికీ తెరిస్తివి. మరి మా దిక్కో అన్నా?"

మా ఇంటికి ఆ వైపు కిటికీయే లేదు. నాన్న కాసేపు ఆ గోడ వంక చూసి, మేస్త్రీకి ఫోన్ చేశాడు.