రైల్లో నేను నేర్పని అక్షరాలు

మాలూరులో వైర్లు తయారుచేసే ఫ్యాక్టరీలో నాది చెకింగ్ పని. పొద్దున మారికుప్పంలో రైలెక్కితే మాలూరుకు గంటకు పైనే పడుతుంది. సాయంత్రం మళ్లీ అంతే. ఆ టైమంతా వేస్టు చేసుకోకూడదని ఫోన్లో ఒక కంప్యూటర్ కోర్సులో చేరినాను. చేరినట్టు అందరికీ చెప్పుకున్నాను కూడా. మూడు పాఠాలు చూసినాను. ఆ తర్వాత ఫోన్ తీసేది పాఠం కోసమే గానీ, వేలు మాత్రం రీల్స్ మీదికి పోయేది. మాలూరు వచ్చేసేది.

మా ఫ్యాక్టరీ క్యాంటీన్లో గిన్నెలు తోమే అక్క ఊరిగాం స్టేషన్లో అదే రైలెక్కేది. నాకంటే పదేళ్లు పెద్ద. చదువు లేదు. తొమ్మిదేళ్లుగా సబ్బు నీళ్లల్లో నాని, ఆమె వేళ్ల సందుల్లో చర్మం పగిలి ఎర్రగా ఉండేది. అన్నం కలుపుకుంటే మంట అని స్పూనుతో తినేది. దాన్ని చూసి క్యాంటీన్లో కొందరు దొరసాని అని నవ్వేవాళ్లు.

ఒకరోజు రైల్లో నా పక్కన కూర్చుని అనింది: "అమ్మా, ప్యాకింగ్ సెక్షన్లో ఆడోళ్లను తీసుకుంటారంట. డబ్బాల మీద ఇంగ్లీషు అక్షరాలు చదవగలిగితే చాలంట. నీళ్లల్లో చెయ్యి పెట్టే పని ఉండదు. సుమ్మనే, ఊరికే కూర్చునే టైమే కదా ఇది, నాకు నేర్పిస్తావా?"

"దానికేమక్కా, రేపే మొదలుపెడదాం," అన్నాను.

మరుసటి రోజు కొత్త నోటుబుక్కు తెచ్చుకుంది. పేపరు అట్ట వేసి, పెన్సిలు చెక్కి, తయారుగా వచ్చింది. మొదటి వారం బాగానే నేర్పించినాను. ఇంటికాడ రాసుకొచ్చేది. "‘ఈ’కి కింద ఇంగొక చెయ్యి ఉండాది, ‘ఎఫ్’కు లేదు, అంతే కదా?" అని తనే గుర్తులు పెట్టుకునేది. కె అక్షరం వరకు వచ్చినాం.

ఆ తర్వాత నాకు బేజారు పుట్టింది. తప్పు ఆమెది కాదు. ఆమె ఒక అక్షరాన్ని ఇరవై సార్లు రాస్తుంటే ఊరికే చూస్తూ కూర్చోవడం నాకు చేతకాలేదు. "ఈరోజు తలనొప్పి అక్కా," అన్నాను ఒకరోజు. "రేపు చూద్దాం," అన్నాను ఇంకోరోజు. ఆమె పుస్తకం ఒళ్లో పెట్టుకుని టేకల్ స్టేషన్ దాటేదాకా నా ముఖం చూసేది. నేను చెవుల్లో ఇయర్‌ఫోన్ పెట్టుకునేదాన్ని. ఒక నెలకు ఆమె పుస్తకం బయటికి తీయడమే మానేసింది.

అట్ల మూడు నెలలు పోయినాయి. ఒకరోజు మధ్యాన్నం నేను భోంచేస్తుంటే ప్యాకింగ్ సూపర్‌వైజరు క్యాంటీన్లోకి వచ్చినాడు. అక్క నా బల్ల పక్కనే ప్లేట్లు తీస్తుండాది.

"ఏమ్మా, ఈమెకు నువ్వు చదువు చెప్తుండావంట కదా. ప్యాకింగ్‌కు ఇద్దరు కావాల. ఎంతవరకు వచ్చింది?"

నేనే మధ్యలో మానేసినానని చెప్పిండొచ్చు. చెప్పింటే ఏమయ్యేది? నా పరువు ఒకింత పోయేది, అంతే. నా నోట్లోనుంచి వచ్చిన మాట వేరే.

"నేర్పించినాను సార్. ఆమెకు తలకెక్కడం లేదు."

ఆయన తలూపి వెళ్లిపోయినాడు. అక్క నా ప్లేటు కూడా తీసుకుని పోయింది.

ఆ సాయంత్రం రైల్లో ఎప్పటిలాగే నా పక్కన కూర్చుంది. బంగారుపేట వచ్చింది. అప్పుడు మెల్లగా అడిగింది: "నాకు తలకెక్కలేదా అమ్మా?"

"అది కాదక్కా, ఆయన అట్ల అడిగేసరికి..." అన్నాను. ఆమె కిటికీ వైపు తిరిగింది. మరుసటి రోజు నుంచి ముందరి లేడీస్ పెట్టెలో ఎక్కడం మొదలుపెట్టింది.

సూపర్‌వైజరుకు నిజం చెప్పడానికి నాకు నెల పట్టింది. రోజూ ఆయన టేబులు దాకా పోయి, వేరే ఏదో అడిగి వచ్చేదాన్ని. చివరికి చెప్పినాను. ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. "ఇద్దరినీ తీసుకునేసినాం కదమ్మా, ఇప్పుడు చెప్పి ఏం లాభం," అని రిజిస్టరులో తల పెట్టుకున్నాడు.

ముందరి పెట్టెలో, బెంగళూరు ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ ఒకామె ఉండేదంట. ఆమె అక్కకు మిగతా అక్షరాలు, అంకెలు, చివరికి మాటలు కూడా నేర్పించిందని తర్వాత తెలిసింది. మరుసటి ఏడాది ప్యాకింగ్‌లో మళ్లీ ఖాళీ పడినప్పుడు, అక్క తనే పోయి అడిగింది. సూపర్‌వైజరు పది డబ్బాలు ముందర పెట్టినాడు. పదీ చదివింది.

ఆ రోజు సాయంత్రం నేను ముందరి పెట్టెలోకి పోయినాను. సందు లేదు, నిలబడే చెప్పినాను. "అక్కా, ఆరోజు నేను అబద్ధం చెప్పినాను. తప్పు నాది. నా వల్ల నువ్వు ఇంగొక ఏడాది ఆ నీళ్లల్లో..."

"తెలుసమ్మా," అనింది. గొంతులో కోపం లేదు. "నువ్వు నాకు నేర్పించింది పదకొండు అక్షరాలు. ఆ పదకొండూ నాకు వచ్చినాయి. అది నీకూ తెలుసు."

నాకు ఏడుపొచ్చింది. ఆమె కొంచెం జరిగి, కూర్చోమని చోటిచ్చింది. కూర్చున్నాను. ఇప్పుడు ఎదురుపడితే "తిన్నావా అమ్మా" అని అడుగుతుంది. నా పెట్టెలోకి మాత్రం మళ్లీ రాలేదు. నేను పిలవనూ లేదు. పిలిచే మొహం నాకు లేదు.

ఈమధ్య క్యాంటీన్లో కొత్తగా చేరిన ఒకామె, నాకూ నేర్పిస్తావా అని అడిగింది. నా గురించి ఆమెకు ఎవరూ చెప్పలేదో ఏమో. వెంటనే సరే అనలేకపోయినాను. రెండు రోజులు ఆలోచించి, మొదట నాకు ఓపిక తక్కువని ఆమెకు చెప్పి, అప్పుడు ఒప్పుకున్నాను. ఇప్పుడు రైల్లో నా పక్కన కూర్చుని, కె దాటి ఎల్ రాస్తుండాది. కొన్ని రోజులు నాకు అదే పాత బేజారు వస్తుంది. ఫోన్ సంచీ అడుగున పెట్టి, ఆమె రాసేది చూస్తూ కూర్చుంటాను.