జర్మనీ నియంతకు నేను వేసిన మార్కులు

జనగామలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో చరిత్ర చెప్పడానికి చేరిన కొత్తలో నాకు ఇరవై మూడేళ్లు. ఆ వయసులో మనిషికి తెలియని సంగతంటూ ఉండదు. తెలియనివన్నీ ఆ తర్వాత ఒక్కొక్కటిగా బయటపడతాయి. నాకైతే రెండో ప్రపంచ యుద్ధం మొత్తం కొట్టిన పిండి. పుస్తకాల వల్ల కాదు, ఫోన్ వల్ల. హాస్టల్ గదిలో బోర్లా పడుకుని, వేయించిన శనగలు నములుతూ యుద్ధాల వీడియోలు చూసేదాన్ని. పటం మీద ఎర్ర బాణాలు సర్రున పాకేవి, దేశాలు ఒక్కొక్కటే రంగు మారేవి, వెనక డప్పుల మోత. జర్మనీ నియంత ఆరు వారాల్లో ఫ్రాన్సును ఎట్లా పడగొట్టాడో నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. మంచు మాత్రం ఎన్నడూ చూడలేదు. (చేపల దుకాణంలో ఊక కప్పిన ఐసు గడ్డలు లెక్కలోకి వస్తే, చూసినట్టే.)

మా నాయినకు మానుకోటలో కిరాణా హోల్‌సేల్ దుకాణం. ఆదివారం ఇంటికి పోయినప్పుడల్లా చక్కెర బస్తాలను రష్యాగా, పప్పు బస్తాలను జర్మనీగా నిలబెట్టి ఆయనకు యుద్ధం చెప్పేదాన్ని. ఓపికగా అంతా విని, "మంచిగనే ఉన్నది గని బిడ్డా, గంత దూరం పోయినోళ్లకు గోదాం ఏడున్నది?" అని అడిగాడు ఒకసారి. నాయినకు వ్యాపారం తప్ప ఇంకోటి తోచదని అమ్మతో అని నవ్వుకున్నాను.

మా కాలేజీ గేటు దగ్గర వాచ్‌మన్‌ను అందరూ ఫౌజీ కాక అనేవారు. కొత్తగూడ దగ్గరి తండా మనిషి. ఇరవై ఏళ్లు సైన్యంలో చేసి వచ్చాడు. ఎడమ కాలు కొంచెం ఈడుస్తూ నడిచేవాడు గానీ, నిలబడితే మాత్రం జెండా కర్రలా నిలబడేవాడు. నేను లెక్చరర్ని గనక మేడం అనాలి, ఆయన కూతురి వయసుదాన్ని గనక బిడ్డా అనాలి. రెండూ కలిపి "మేడం బిడ్డా" అని పిలిచేవాడు. "గియ్యాల ఏ యుద్ధం మేడం బిడ్డా?" అని అడిగితే, "రష్యా మీదికి పోతున్నం కాకా" అనేదాన్ని. "జర పైలం. స్వెట్టర్ ఏస్కోని పోన్రి" అనేవాడు. హాస్యమాడుతున్నాడనుకునేదాన్ని.

ఆ ఏడు కాలేజీ వార్షికోత్సవాల్లో చర్చా పోటీ పెట్టారు. "జర్మనీ నియంత గొప్ప యుద్ధ వ్యూహకర్త: అవునా, కాదా?" అనే అంశం నేనే ఇచ్చాను. (దీంట్లో చర్చకేముందని నా ఉద్దేశం.) ముఖ్య అతిథిగా రావలసిన పెద్దమనిషికి ఆ పొద్దునే బీపీ పెరిగింది. కొన్న శాలువా టేబుల్ మీద ఉంది, కప్పడానికి భుజాలు లేవు. ప్రిన్సిపాల్ సారు అటూ ఇటూ చూసి, "మన ఫౌజీ లేడా? ఇరవై ఏండ్లు మిలిట్రీల చేసిన మనిషి, గంతకంటె ముఖ్య అతిథి ఎవడు?" అన్నాడు. గేటుకు తాళం వేయించి ఆయన్ను స్టేజీ ఎక్కించారు. శాలువా కప్పించుకుని, కుర్చీ అంచున, సాక్ష్యం చెప్పడానికి వచ్చినవాడిలా కూర్చున్నాడు కాక.

పిల్లలు తలా ఐదు నిమిషాలు మాట్లాడారు. తీర్పు చెప్పడానికి లేచిన నేను ఇరవై నిమిషాలు మాట్లాడాను. చేతులు ఊపుతూ గాలిలో బాణాలు గీశాను. "చలికాలం ఒక్కటి అడ్డం రాకపోతే ఈ రోజు ప్రపంచ పటమే వేరుగా ఉండేది. వ్యూహకర్తగా ఆయనకు నేను పదికి తొమ్మిది మార్కులు వేస్తాను" అని ముగించాను. ఆయన చంపించిన లక్షల మంది ఊసు నా ఉపన్యాసంలో ఎక్కడా లేదు. చప్పట్లు మాత్రం బాగా మోగాయి.

తర్వాత మైకు కాక చేతికిచ్చారు. దాన్ని మూతికి మూరెడు దూరంలో పట్టుకుని, "నాకు గవన్ని తెల్వయి. ఒక్క ముచ్చట అడుగుత. చలికాలం ఏటేట వస్తది గద. ఆయనకు తెల్వదా?" అన్నాడు.

హాలంతా నవ్వింది. ఆయన నవ్వలేదు.

"మంది ముందుకు పోయిన్రు, మంచిదే. మరి ఎనుకకు రానిచ్చిండా? మందికి స్వెట్టర్లన్న పంపిండా? కాళ్లు మొద్దుబారుతున్నయ్, ఇగ ఉండలేం సాబ్, కిందికి దిగుతం అంటె, దిగొద్దు అన్నోడు ఏం కమాండరు?"

రష్యా మైదానాల యుద్ధంలో "కిందికి దిగుడు" ఎక్కడిదని నాకు అనుమానం రావలసింది. రాలేదు. పిల్లల ముందు నా తొమ్మిది మార్కులు పోతున్నాయన్న ఉక్రోషమే వచ్చింది. నా మైకు అందుకుని, "కాకా, వ్యూహం వేరు, స్వెట్టర్లు పంచుడు వేరు. గేటు కాడ నిలబడి చూస్తే యుద్ధం కనపడదు" అన్నాను.

ఈసారి నవ్వు పైకప్పు రేకులకు తగిలింది.  కాక శాలువాను నాలుగు మడతలు పెట్టి టేబుల్ మీద ఉంచాడు. ప్రిన్సిపాల్ సారుకు సెల్యూట్ చేసి, కాలీడ్చుకుంటూ గేటుకు వెళ్లిపోయాడు. వందన సమర్పణ నేనే చేశాను, చాలా బాగా చేశానని అందరూ అన్నారు.

మర్నాటి నుంచి పిల్లలకు ఆయన "స్వెట్టర్ కాక" అయ్యాడు. పది రోజులు విన్నాడు. పదకొండో రోజు తాళంచెవులు ఆఫీసులో ఇచ్చి పని మానేశాడు. ఆ సంగతి చెప్పింది మా ఆఫీసు క్లర్కు అక్క. ఆయన పింఛను కాగితాలు రాసిపెట్టేది ఆమే.

"మంచోని ఉసురు పోసుకున్నవ్ మేడం," అంది. "ఆయన, ఆయన బామ్మర్ది ఇద్దరు మంచు కొండ మీద ఒక్క పోస్టుల ఉండిరట. తుఫాను వస్తున్నది, కిందికి దిగుతం అంటె పైనుంచి వద్దన్నరట. మూడు దినాలు. బామ్మర్ది ఆడనే గడ్డకట్టి పోయిండు. ఈయన కాలివేళ్లు గప్పుడే తీసేసిన్రు."

ఆ గంట క్లాసులో ఏం చెప్పానో నాకు గుర్తులేదు.

ఆదివారం మానుకోటలో కొత్తగూడ బస్సెక్కాను. క్షమాపణకు ఏ సరుకు పట్టుకుపోవాలో తెలియక నాయిన దుకాణంలోంచి రెండు కిలోల పల్లీ పట్టీలు, ఒక అట్టపెట్టె నిండా బిస్కెట్లు తీసుకున్నాను. (యుద్ధ పరిహారం అనుకోండి.) చెప్పవలసిన మాటలను గూడూరు దాటేదాకా పెదాలు కదుపుతూ బట్టీ పట్టాను. పక్క సీటు అవ్వ నాకు పూనకం వస్తోందేమోనని బుట్ట దగ్గరికి లాక్కుంది.

తండాలో ఇల్లు దొరకడం కష్టం కాలేదు. కాక అరుగు మీద కూర్చుని మక్క కంకులు ఒలుస్తున్నాడు. నన్ను చూసి గబగబా లేచాడు. "మేడం బిడ్డా! గింత దూరం ఒక్కదానివే వస్తివా?" మొహంలో కోపం జాడ లేదు, అదే నన్ను కంగారు పెట్టింది. ఆయన భార్య నీళ్లిచ్చి, పక్కనే పొయ్యి మీద చాయ పెట్టింది. బట్టీ పట్టిందంతా ఎగిరిపోయింది. గ్లాసు చేతిలో ఉండగానే మొదలుపెట్టాను.

"తప్పయింది కాకా. మీ బామ్మర్ది మూడు దినాలు మంచుల గడ్డకట్టి పోయిండని నాకు తెల్వక..."

కాక తల అడ్డంగా ఊపాడు. పెద్దమనసుతో వద్దంటున్నాడనుకుని ఇంకా గట్టిగా చెప్పాను. తుఫాను, కిందికి దిగొద్దన్న ఆజ్ఞ, అంతా చెప్పాను. అప్పుడు చూశాను, పొయ్యి దగ్గర చాయపత్తి వేస్తున్న చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. కాక ఆమె వైపు తిరిగి తమ భాషలో ఏదో గబగబా అన్నాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, అనగూడని చోట అనగూడని మాట అన్నానని మాత్రం తెలిసింది. చనిపోయినవాడు ఆమె తమ్ముడు.

ఆమె నాకూ తెలియాలనేమో, తెలుగులో జవాబిచ్చింది.

"తూట తగిలిందని చెప్పిండు బిడ్డా నాకు. గడియల పానం పోయింది, నొప్పి తెల్వలే అన్నడు. పెట్టె తెరిచినంక నా తమ్మునికి నీళ్లు పోసింది నేనే గద. పెయ్యి మీద ఏడ తూట లేదు. కాళ్ల ఏళ్లు నల్లగ మాడినయ్. దవాఖానల ఈయన కాలు గట్లనే ఉండె. నాకు ఎరుక గాదా?"

కాక చేతిలోంచి కంకి జారింది. "మరి గిన్నేండ్లు అడగకపోతివేందే?"

"చెప్పలేకనే గద తూట అన్నవు. మల్ల నీ నోటితోని ఎందుకు చెప్పియ్యాలె?"

ఆయన తువ్వాలలో మొహం దాచుకున్నాడు. జెండా కర్రలాంటి ఆ మనిషి భుజాలు కదులుతుంటే నేను నేల చూపులు చూశాను. చాయ పొంగి పొయ్యిలో పడింది. ఎవరూ లేవలేదు. తువ్వాల తీయకుండానే అన్నాడు కాక. "ఇంకెంత సేపు బావా అని అడిగిండు. గిప్పుడు పిలుస్తరు, గిప్పుడు పిలుస్తరు అని చెప్పిన. మూడు దినాలు గదే చెప్పిన."

"మంచిగ చెప్పినవ్," అంది ఆమె.

బయల్దేరేటప్పుడు ఆటో దాకా నాతో నడిచి వచ్చాడు. దారిలో అడిగాడు. "మేడం బిడ్డా, మీ జర్మనీ ఆయన మంది శత్రువు నడుమ చిక్కితె గూడ ఎనుకకు రావొద్దన్నడని పిల్లలు ఆ దినం స్టేజీ మీద చెప్పిన్రు గద. వాళ్లేమైన్రు?"

"చానా మంది ఇల్లు చేరలేదు కాకా."

"మరి తొమ్మిది మార్కులెందుకేసినవ్?"

ఎగతాళి కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. నేను ఆటో ఎక్కి కూర్చున్నాను.

కాక మళ్లీ జనగామ రాలేదు. నేనే ఏడాదికోసారి పోయేదాన్ని. ఇప్పుడు భూపాలపల్లిలో పాఠం చెబుతున్నాను. ఆ నియంత మొదటి గెలుపుల్లో సగం జూదమని, సగం ఎదుటివాళ్ల తత్తరపాటని, జూదం తిరగబడ్డాక వెనక్కి తగ్గడం చేతగాక తన సైన్యాన్నే మంచులో పాతిపెట్టాడని చెబుతాను. యుద్ధం ఎరిగినవాడు తిండీ బట్టా ముందు చూస్తాడని కూడా చెబుతాను. మార్కులు వేయడం మానేశాను.

పోయిన ఏడు కాక చనిపోయాడని కబురొస్తే కాటారం దగ్గర ఎన్నికల శిక్షణలో ఉన్నాను. తండా చేరేసరికి అంతా అయిపోయింది. కాక భార్య నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, చుట్టూ ఉన్న ఆడవాళ్లకు తమ భాషలో ఏదో చెప్పింది. అందరూ నా వైపు చూశారు. నా గురించి ఏం మంచి చెప్పిందోనని ఆమె కోడలి చెవిలో అడిగాను. ఆ పిల్ల కాసేపు నసిగి, "నోరు ఆగని మేడం అంటె గీమెనే అంటున్నది మా అత్త" అంది.

చావు ఇంట్లో నవ్వగూడదు. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. తల తిప్పి చూస్తే, కళ్లనిండా నీళ్లతో ఆమె కూడా నవ్వుతోంది.