పడవ లోపల పోసిన పసుపు నీళ్లు

నా చిన్నప్పుడు మా ఊళ్లో ఆడది ముట్టుకుంటే పడవ అచ్చిరాదనేవాళ్లు. ఆ పడవలో మగవాళ్లు తెచ్చిన చేపను కోసి, ఉప్పు పట్టించి, ఎండబెట్టి, గంపకెత్తుకుని నాయుడుపేట దాకా పోయి అమ్ముకొచ్చేది మాత్రం ఆడవాళ్లే. ఆ డబ్బుతో కొన్న పడవ మీద చెయ్యి వెయ్యకూడదట! డెబ్బైకి దగ్గరపడ్డాను, ఈ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

నెల్లూరు సముద్రపు ఒడ్డున మాదొక చిన్న పల్లె. మా నాయన పదేళ్లకు పైగా పరాయి పడవల్లో వేటకు పోయాడు. పడవ గలాయనకు ఒక పాలు, వలకు ఒక పాలు పోగా మిగిలిందే వేటకు పోయినవాళ్లంతా పంచుకోవాలి. చిన్నదైనా సరే, సొంత పడవ ఒకటి ఉండాలని ఆయన ఆశ. ఆయన ఆశ అనడం కంటే మా అమ్మ పట్టుదల అనడమే న్యాయం. ఎండుచేపల గంప మోసి మోసి ఆమెకు నడినెత్తిన జుట్టు ఊడిపోయింది. కాళ్ల కడియాలు అమ్మేసింది. రెండు వానాకాలాలు ఇంటి కప్పు మార్చకుండా, కారే చోటల్లా కుండ పెట్టుకుని గడిపాం. అంత చేసినా కూడిన డబ్బుకు కొత్త పడవ రాదు. ఎవరో వాడి పక్కన పెట్టిందే కొనాలి.

సరిగ్గా అప్పుడే మా ఊరి కాపు మా నాయనకు కబురు పెట్టాడు. కాపు అంటే ఇక్కడ కులం పేరు కాదు. తగాదాలు తీర్చి, తప్పు చేసినవాళ్లకు శిక్ష వేసే ఊరిపెద్దను మా వాళ్లు అలా పిలుస్తారు. ఆయనకు మూడు పడవలు. అందులో చిన్నది మా నాయనకు ఇస్తానన్నాడు. "నీ కష్టం చూసి ఇస్తాండా. బయటోడికైతే ఇంత తక్కువకు ఇస్తానా?" అన్నాడట. ఆ మాటకు మా నాయన కరిగి నీరైపోయాడు. పడవను పక్కకు ఒరిగించి అడుగైనా చూడలేదు. అక్కడికక్కడే తాంబూలం పుచ్చుకుని, ఉన్నదాంట్లో సగానికి పైగా ఆయన చేతిలో పెట్టి వచ్చాడు. తాంబూలాలు మారాక బేరం వెనక్కి పోకూడదు, వస్తువుకు వంక పెట్టకూడదు. అది మా వాళ్ల కట్టుబాటు. అందులోనూ పెద్దమనిషి ఇచ్చినదాన్ని పరీక్షగా చూడటమంటే ఆయన మొహాన ఉమ్మినంత తప్పు. గొంతు కోసేవాడికి వంగి దండం కూడా పెట్టాలన్నమాట.

పడవను ఒడ్డున దుంగల మీద పెట్టి ఉంచారు. కొత్తగా నీలం రంగు వేశారు, మెరిసిపోతోంది. నాకు తొమ్మిదేళ్లు. సాయంత్రం ఎవరూ లేనప్పుడు పోయి చూశాను. మా పడవ కదా అని పొంగిపోయి చేత్తో నిమిరాను. దుంగల మధ్య దూరి అడుగు కూడా నిమిరాను. నడిమి పలక మీద ఒకచోట వేలు మెత్తగా దిగింది. చెక్క అలా ఉండదని ఆ వయసుకే నాకు తెలుసు. గోటితో గీకితే రంగు పొరలాగా లేచి, దాని కింద నుంచి రంపపు పొట్టు, గుగ్గిలం కలిపిన ముద్ద వచ్చింది. గుగ్గిలం మామూలుగా పలకల సందుల్లో పూస్తారు. పలక నడుమ పూయాల్సిన పని లేదు, అక్కడ చెక్కే లేకపోతే తప్ప.

పరుగున పోయి మా నాయనకు చెప్పాను. పడవ కుళ్లిపోయిందని నేను చెబితే, ఆయనకు వినపడింది నేను పడవ ముట్టుకున్నానన్న మాట ఒక్కటే. చెంప పగలగొట్టాడు. అంతకు ముందెప్పుడూ ఆయన నా మీద చెయ్యెత్తలేదు. మా అమ్మ కళ్లు తుడుచుకుంటూ "ఎవురితోనూ అనబాకు" అంది. అంతే. మూడు రోజుల్లో ఆ పడవెక్కి సముద్రంలోకి పోయేది ఆయనే. మునిగితే మునిగేది ఆయనే. ఆ సంగతి చెప్పినందుకు నాకు చెంపదెబ్బ!

మా అవ్వ, అంటే మా నాయనను కన్నతల్లి, పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. మా తాత వేటకు పోయి తిరిగి రాకపోతే, ఈ ఒక్క కొడుకును పెట్టుకుని బతికిన మనిషి. నా చెయ్యి పట్టి దగ్గరికి లాక్కుని, గోట్లో ఇరుక్కున్న ముద్దను వాసన చూసింది. మళ్లీ ఇంకోసారి చూసింది. తర్వాత నా చెయ్యి వదిలేసి పొయ్యిలో పుల్లలు ఎగదోసింది. ఆ రోజు నాకు మా నాయన మీద కంటే మా అవ్వ మీదే ఎక్కువ కోపం వచ్చింది.

మా ఊళ్లో ఒకే ఒక్క పనికి ఆడవాళ్లను పడవ దగ్గరికి రానిస్తారు. కొన్న పడవను మొదటిసారి నీళ్లలోకి దించేముందు ఆ ఇంటి ఇల్లాలు చెంబుడు పసుపు నీళ్లు దాని ముందు కొస మీద పోసి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి వెనక్కి వచ్చేయాలి. ఆ ముందురోజు మా అవ్వ ఇల్లిల్లూ తిరిగింది. "నా కొడుకు మొదటి పడవమ్మా. ఇంటికొక బిందె పసుపు నీళ్లు తీసకరండి, మీ అందరి చేతా పోయించుకుంటా" అని అడిగింది. ముసలావిడ ముచ్చట అని అందరూ ఒప్పుకున్నారు.

తెల్లారేసరికి ముప్పై బిందెలు వచ్చాయి. కాపు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. తన పడవకు ఇంత మర్యాద జరుగుతుంటే ఆయన మొహం వెలిగిపోతోంది. మొగుడు పోయిన మనిషని మా అవ్వ దూరంగా నిలబడింది. మా అమ్మ మొదటి బిందె ఎత్తింది. అవ్వ ఆమెకు ముందే చెప్పి ఉంచింది కాబోలు, కొస మీద కాకుండా పడవ లోపలికి వంచేసింది. వెనకాల ఉన్న ఆడవాళ్లు కూడా అలాగే వంచారు. నాకు బాగా గుర్తు, కాపు నవ్వుతూ "పోయండి తల్లీ పోయండి, ఎంత సల్లంగా ఉంటే అంత మంచిది" అన్నాడు.

మొదట ఏమీ కాలేదు. తర్వాత పలకల సందుల వెంబడి సన్నగా చెమ్మ దిగింది. ఎండకు ఆరిన ఏ పడవకైనా అది మామూలే. ఆ తర్వాత నడిమి పలక మీద, సందుకు జానెడు దూరంలో, నీలం రంగు బొబ్బలాగా ఉబ్బింది. చూస్తుండగానే చిట్లి, పచ్చటి ధార కట్టి ఇసుకలో పడింది. దాని పక్కనే ఇంకొకటి. గుగ్గిలం ముద్ద ఊడి టప్పున కింద పడింది.

కాపు తడబడలేదు. "ఎండిన చెక్క గదా. నాలుగు దినాలు నానితే ఉబ్బి మూసుకుంటాది" అన్నాడు.

మా అవ్వ అప్పుడు ముందుకు వచ్చింది. "సందులో కారేది మూసుకుంటాది కాపయ్యా. పలక నడిమిన కారేది యాడ మూసుకుంటాది?" అని, నా వైపు తిరిగి, "పాపా, ఇట్టరా. ఏలు పెట్టు" అంది.

అందరూ చూస్తుండగా పెట్టాను. నా వేలు మొదలంటా లోపలికి పోయింది. ఆడపిల్ల చేత పడవ ముట్టిస్తావా అని కాపు గద్దించాడు. "మేం లోపల కాలు పెట్టలా. పసుపు నీళ్లు పోసినాం. పోయమనింది మీరే గదా" అంది మా అవ్వ, ఎంతో అణకువగా.

మా నాయన ఆ బొక్కను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. కాపును ఒక్క మాట అనే ధైర్యం లేకపోయింది గానీ, పడవను నీళ్లలోకి తొయ్యడానికి చెయ్యి వెయ్యలేదు. ఊరంతా చూశాక ఉంచుకోలేక, కాపు ఆ సాయంత్రం మా డబ్బు వేరే మనిషి చేత తిప్పి పంపాడు. తప్పయిందన్న మాట రాలేదు. ఇష్టం లేకపోతే ముందే చెప్పాల్సిందన్నారట! దానికంటే నన్ను దహించిన సంగతి ఇంకొకటుంది. ఆ బొక్కకు ముద్ద పెట్టి పూడ్చిన వడ్రంగి పొద్దుటి నుంచీ మా మధ్యే నిలబడి ఉన్నాడు. కిందటి వానల్లో ఆ పడవ మొద్దుకు కొట్టుకుని పలక చితికిన సంగతి ఊళ్లో సగం మంది మగవాళ్లకు తెలుసు. ఒక్కడంటే ఒక్కడు మా నాయన చెవిలో వెయ్యలేదు. రోజూ ఆయనతో కలిసి వేటకు పోయేవాళ్లు, ఒకే చుట్ట పంచుకుని కాల్చేవాళ్లు!

పదిరోజులు తిరక్కుండానే ఆ పడవ ఆకుపచ్చగా మారింది. దక్షిణాన రెండు పల్లెల అవతల కొత్తగా పెళ్లయిన కుర్రవాడెవరో కొంటున్నాడని తెలిసింది. అతనికీ అదే మొదటి పడవ. "మన డబ్బు మనకొచ్చినాది, ఇంక మనకెందుకు?" అన్నాడు మా నాయన. నేనూ తలూపాను. నిజం చెప్పాలంటే, మేం తెలివిగలవాళ్లం, వాళ్లు వెర్రివాళ్లు అని లోపల్లోపల కాస్త సంతోషం కూడా వేసింది. మా అవ్వ నన్ను తేరిపార చూసి, "మీ నాయనకు ఎవురూ చెప్పలేదని మొన్నటిదాకా కాళ్లు నేలకేసి తన్నుకుంటివే. ఇప్పుడు నువ్వెవురు?" అంది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

మర్నాడు వేకువనే నన్ను వెంటబెట్టుకుని తడి ఇసుక మీద నడక మొదలుపెట్టింది. ఎండెక్కాక ఆ పల్లె చేరాం. ఆ కుర్రవాడు వేటకు పోయాడు. పెళ్లాం చేపలు కోస్తోంది. మా అవ్వ ఉన్నదున్నట్టు చెప్పింది. వింటూ వింటూ ఆ పిల్ల కత్తి పక్కన పెట్టి లేచింది. "మీకు దక్కలేదని కడుపుమంటా? మేం సొంత పడవ కొంటే మీ కళ్లల్లో పడిందా?" అని మీద పడింది. అంత దూరం నడిచిపోతే మంచినీళ్లైనా ఇవ్వలేదు. మా అవ్వ గడప దగ్గర ఆగి, "తిట్టుకో తల్లీ, ఏం కాదు. దించేముందు నీళ్లు పోసి చూసుకోండి. పైన గాదు, లోపల" అని చెప్పి వచ్చేసింది. దారి పొడుగునా నేను ఆ పిల్లను తిడుతూనే ఉన్నాను.

వారం తర్వాత కాపు ఊరిని కూర్చోబెట్టి మా ఇంటికి శిక్ష వేశాడు. పొరుగూరికి పోయి ఊరిపెద్దను పలచన చేసినందుకు, నెల రోజులు మా ఇంటి ఆడవాళ్లు ఊరి బావిలో నీళ్లు తోడకూడదు. పడవ మోసానికి ఏ శిక్షా లేదు, మోసాన్ని చెప్పినందుకు శిక్ష! మా కోసం బిందెలు మోసుకొచ్చిన ఆడవాళ్లే మేం ఎదురైతే తల తిప్పుకునేవాళ్లు. సరుగుడు తోపుల అవతల ఇసుకలో చెలమ తవ్వుకుని, ఊరేదాకా కాచుకుని, కొబ్బరిచిప్పతో తోడుకునేవాళ్లం. ఆ నీళ్లూ ఉప్పనే. మొదటి రోజే నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "ఆ పిల్ల మాట కూడా వినలా. ఊరికే పోతిమి. ఊరికే శిక్ష పడ్డాది" అని బిందెను కాలితో తన్నాను.

మా అవ్వ చిప్ప పక్కన పెట్టి నవ్వింది. ఒళ్లంతా ఊగేట్టు నవ్వింది. "పిచ్చిదానా, బేరం కుదిరిపోయుంటే కాపు మనల్ని ఎందుకు ఎలేస్తాడే? డబ్బులు లెక్కేసుకుంటా ఇంట్లో కూర్చునుండడూ? శిక్ష ఏసినాడంటే వాళ్లు నీళ్లు పోసి చూసుకున్నట్టేగా!" అంది. మళ్లీ చిప్ప అందుకుని బిందె నింపింది.

ఆ ఏడాది చివర్లో మా నాయన పై ఊళ్లో ఒక పాత పడవ కొన్నాడు. రంగు లేదు, ఒళ్లంతా అతుకులే. అమ్మిన ముసలాయన ఇక్కడ కారుతుంది, ఇక్కడ పలక మార్చాలి అని తనే వేలు పెట్టి చూపించాడు. మా నాయన ఆ బేరానికి మా అమ్మను వెంట తీసుకుపోయాడు. "నువ్వు చెయ్యేసి చూడు" అన్నాడని అమ్మ ఎన్నో ఏళ్లు చెప్పుకునేది. నన్ను కొట్టినందుకు మాత్రం ఆయన నోటితో ఎన్నడూ ఏమీ అనలేదు. నేనూ అడగలేదు.

ఇప్పుడంతా ఫైబరు బోట్లు. పగులు మీద కొత్త పూత పూసి, ఇంజను తుడిచి అమ్మేస్తున్నారు. మొదటి బోటు కొనడానికి వచ్చే కుర్రవాళ్లు ఒడ్డున తచ్చాడుతుంటే నేను ఊరుకోలేను. నాకు తెలిసింది చెప్పేస్తాను. అందుకే మా ఊళ్లో నాకు నోటి దురుసు మనిషని పేరు. కిందటేడు పక్కింటి వాళ్లు అమ్మబోయిన బోటు సంగతి కొనవచ్చిన కుర్రవాడికి చెప్పినందుకు వాళ్లు నాతో మాట మానేశారు, పండక్కి కూడా పలకరించలేదు. ఎవరైనా అలా మొహం తిప్పుకుంటే నాకు ముందు కోపమే వస్తుంది, దాచుకోవడం ఎందుకు. అది కాస్త దిగాక, అయితే ఆ కుర్రవాడు లోపల నీళ్లు పోసి చూసుకున్నాడన్నమాట అనుకుంటాను. ఆ రోజు అన్నం బాగా సయిస్తుంది.